ఆయన పంపిన రెండో మెసేజ్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అక్కని అడిగినా చెబుతుంది, నాతో పనిచేసిన వాళ్లెవరిని అడిగినా చెబుతారు. కోపం వచ్చిన ప్రతిసారీ న్యాయం నా వైపే ఉందనుకునేదాన్ని. చాలాసార్లు ఉండేది కూడా. ఒక్కసారి లేదు. ఆ ఒక్కసారి సంగతి రాసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రెండువేల నాలుగు, ఐదు ప్రాంతంలో సంగతి ఇది. హైదరాబాదులో నేను ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ మూతపడింది. పెట్టె సర్దుకుని తాడేపల్లిగూడెంలో మా అక్క వాళ్లింటికి వచ్చేశాను. ఖాళీగా కూర్చుంటే అందరి మీదా ఎగురుతున్నానని అక్కే ఎవరినో అడిగి, ఏలూరులో ఒక ఏజెన్సీలో పని చూసింది. రోజూ పొద్దున్నే పాసింజరు రైలు ఎక్కి వెళ్లి, సాయంత్రం పాసింజరుకి తిరిగి వచ్చేదాన్ని. ఆఫీసు కాలవ ఒడ్డున ఒక మేడ మీద. కింద ఎరువుల కొట్టు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, తలుపు తీస్తే దోమలు.

ఏజెన్సీ చేసే పని ఇదీ. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో పట్టుబడి ఉన్న రోజున, అంటే వలలు వేసి చేపలు బయటికి తీసే రోజున, ఐసునీ లారీనీ వేళకి గట్టు మీదికి చేర్చాలి. చేప నీళ్లలోంచి బయటపడ్డాక ఐసు కోసం ఎదురుచూస్తూ కూర్చోదు. పొద్దెక్కితే మెత్తబడిపోతుంది, మెత్తబడ్డ చేపని ఎవరూ ముట్టుకోరు. ఎన్ని దిమ్మల ఐసు కావాలో, లారీ ఎన్నింటికి కావాలో ముందు రోజే చెప్పాలి. నేను చేరేనాటికి అంతా ఫోన్ల మీద నడిచేది. మా వైపు ఫోన్లు మీకు తెలుసుగా. ఏవండీ బాగున్నారా అండీ, అమ్మగారు బాగున్నారా అండీ, మీ వైపు వానలెలా ఉన్నాయండీ. ఐసు మాట వచ్చేసరికి ఐదు నిమిషాలు. ఈలోపు ఇంకో పదిమంది రైతులు ఎంగేజ్ సౌండు వింటూ తిట్టుకుంటుండేవారు. మా ఓనరు గారు విసిగిపోయి, ఇకమీదట ఫోన్లు వద్దు, మెసేజ్‌లు పెట్టించు, కంప్యూటరు తీసుకునేలా చెయ్యి అని నాకు అప్పజెప్పారు.

అలా నేను సర్వరు రాశాను. సర్వరు అంటే పెద్ద మాటే గానీ, అది టేబుల్ కింద పెట్టిన ఒక పాత కంప్యూటరు. దాని పక్కన మోడెం డబ్బా, అందులో ఒక సిమ్ కార్డు. చెరువుల గుమస్తాలు పంపే మెసేజ్‌లు ఆ డబ్బాలో పడతాయి. నా ప్రోగ్రాం వాటిని తీసుకుని ఐసు ఫ్యాక్టరీలో ఒక తెర మీదా, లారీల షెడ్డులో ఇంకో తెర మీదా చూపించాలి. మెసేజ్‌కి ఒక పద్ధతి పెట్టాను. చెరువు నంబరు, ఐసు దిమ్మలు, లారీలు, టైము. అంతే. ఆ పద్ధతిని కార్డుల మీద అచ్చు వేయించి గుమస్తాలందరికీ పంచాం. ఆ పద్ధతిలో లేని మెసేజ్ ఏదొచ్చినా నా ప్రోగ్రాం దాన్ని ఒక పక్క ఫైల్లోకి తోసేస్తుంది. ఆ ఫైలుకి నేను పెట్టిన పేరు చెత్త.

ఇక్కడ కొంచెం నా పని గురించి చెప్పాలి. ప్రోగ్రాం ఒకేసారి మూడు నాలుగు చోట్ల చెవి పెట్టి ఉండాలి. మోడెం డబ్బా దగ్గర ఒకటి, తెరల దగ్గర రెండు, ఇలా. ఇలా చెవి పెట్టడానికి రెండు దారులున్నాయి. పాత దారిలో, ఏమన్నా వచ్చిందా అని ప్రోగ్రాం అడిగినప్పుడల్లా, చదవనిది ఇంకా మిగిలుంటే ఉంది ఉంది అని జవాబు వస్తూనే ఉంటుంది. కొత్త దారి అప్పుడప్పుడే వచ్చింది. అందులో సరుకు వచ్చినప్పుడు ఒక్కసారే పిలుపు. నువ్వు తీసుకున్నావో లేదో దానికి అక్కర్లేదు, మళ్లీ కొత్త సరుకు వస్తే తప్ప పిలవదు. వేలమంది ఒక్కసారిగా వచ్చి పడే చోట్ల కొత్త దారే మేలు. మాకు ఎంత సందడి రోజైనా నిమిషానికి ఒక మెసేజ్ వస్తే గొప్ప. పాత దారి బ్రహ్మాండంగా సరిపోయేది. అయినా కొత్తదే వాడాను. ఎందుకంటే హైదరాబాదులో మా సీనియర్లు దాని గురించి గొప్పగా చెప్పుకునేవారు, నన్ను మాత్రం దాని జోలికి పోనిచ్చేవారు కాదు. ఏలూరులో అడ్డుపడేవాళ్లెవరు? వాడి చూపించాలనిపించింది. చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా.

గుమస్తాలకి మెసేజ్ పంపడం నేర్పడానికి అందరినీ ఒక రోజు ఆఫీసుకి పిలిచాం. అప్పుడు చూశాను ఆయన్ని. యాభై ఐదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో అట్ట వేసిన నోటుపుస్తకం. గణపవరం ఆసామి ఒకాయన చెరువులకి పదహారేళ్లుగా గుమస్తా. చిన్నప్పుడు మిషన్ బడిలో చదువుకున్నారట. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలి, ఎలా ముగించాలి అని అక్కడ కొట్టి మరీ నేర్పారని నవ్వుతూ చెప్పారు. నేను చెప్పిందంతా నోటుపుస్తకంలో రాసుకుని, చివర్లో ఒక సందేహం అడిగారు. ముందు వందనం చెప్పకుండా పని చెబితే బాగోదు కదమ్మా అని.

కంప్యూటరుకి వందనాలు అక్కర్లేదండీ అన్నాను, కాస్త పుల్లవిరుపుగానే.

"దాని వెనకాల మీరుంటారు కదండీ," అన్నారాయన.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పద్ధతి చెడగొడితే మెసేజ్ చెత్తలోకి పోతుందని గట్టిగా చెప్పాను. ఆయన ఆలోచించి, పద్ధతి చెడకుండా ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు మెసేజ్‌లు పంపేవారు. మొదటిది వందనం, రెండోది ఐసు. మొదటిది చెత్తలోకి, రెండోది తెర మీదికి. ఒక్కరోజు కూడా తప్పలేదు. మొదట్లో చెత్త ఫైల్లో ఆయన వందనాలు చూసినప్పుడల్లా ఈ మనిషి మారడు అని గొణుక్కునేదాన్ని, కొన్నాళ్లకి ఆ ఫైలు తెరవడమే మానేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఒక గురువారం. పట్టుబళ్లు అంతగా లేని వారం, ఆఫీసులో ఈగలు తోలుకుంటున్నాం. మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగింటికి వచ్చింది. కంప్యూటరుకి బ్యాటరీ ఉంది గానీ మోడెం డబ్బాకి లేదు. కరెంటు వచ్చాక డబ్బా మీద లైటు వెలిగింది. తెర ఖాళీగానే ఉంది. ఐదున్నర దాకా కూర్చుని, అన్నీ ఆపేసి, పాసింజరు అందుకున్నాను.

మర్నాడు నేను మెట్లెక్కేసరికే ఫోను మోగుతోంది. అవతల గణపవరం ఆసామి. ఆయన చెరువులో తెల్లారేసరికి వలలు లాగేశారు. చేపలు గట్టు మీద గుట్టలుగా ఉన్నాయి. ఐసు లేదు, లారీ లేదు. గుమస్తా గారు అటూ ఇటూ పరిగెత్తుతున్నారు, ఆ చెరువు దగ్గర ఫోనుకి సిగ్నలు అందదు. మా ఓనరు గారు ఐసు ఫ్యాక్టరీ వాళ్లని బతిమాలి, ఎవరికో వెళ్లాల్సిన లారీని మళ్లించి పంపారు. అది చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎనిమిది నెలలు మేత వేసి పెంచిన పంట. వ్యాపారి వచ్చి, చేపని వేలితో నొక్కి చూసి, చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడట.

సాయంత్రం ఆసామీ, గుమస్తా గారూ ఇద్దరూ ఆఫీసుకి వచ్చారు. ఆసామి చెడ్డవాడు కాదు. ఆ రోజు ఆయన మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మీరు పంపకే కదా ఇంత జరిగింది అని మా ఓనరు గారిని అడిగారు. ఓనరు గారు నా వైపు చూశారు. నేను ముందురోజు లిస్టు తెర మీద తెరిచి చూపించాను. గురువారం ఆ చెరువు నుంచి ఆర్డరు లేదు.

పంపానండీ అన్నారు గుమస్తా గారు. కావాలంటే చూడండి అని ఫోను తీసి నా చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో ఆ చవక ఫోన్లలో, పంపిన మెసేజ్ ఉండాలంటే విడిగా దాచుకోవాలి. ఆయనకా సంగతి తెలియదు. ఫోనులో ఏమీ లేదు. నేను ఆ ఖాళీ కూడా అందరికీ చూపించాను. అక్కడితో ఆగినా బాగుండేది. నా మీద తప్పు రుద్దుతున్నారన్న ఉక్రోషం నన్ను ఆగనివ్వలేదు.

"మెషిన్ అబద్ధం చెప్పదండీ. మనుషులే చెబుతారు," అన్నాను.

ఆయన చాలాసేపు ఆ తెర వైపే చూశారు. తర్వాత నన్నే అడిగారు, అందులో లేదంటారా అమ్మా అని. లేదన్నాను. ఆయన పెన్నులు రెండూ జేబులో సరిచేసుకుని, ఆసామి వెనకాలే మెట్లు దిగి వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత ఆయన్ని పనిలోంచి తీసేశారని తెలిసింది. పట్టుబడి రోజు ఐసు చెప్పడం మరిచి, పైగా చెప్పానని బొంకిన గుమస్తా అని మాట పాకింది. ఉండి ఊరి దాకా పాకింది. అలాంటి మాట పడ్డాక ఏ ఆసామి చేరదీస్తాడు? పాపం అనుకున్నాను. అయినా తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి కదా అని కూడా అనుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఐదారు వారాలు గడిచాయి. ఒక రోజు ఓనరు గారు ఎవరో రైతుతో ఫోనులో మాట్లాడుతున్నారు. అరగంట క్రితం మెసేజ్ పంపాను, ఐసు వాళ్లేమో అది ఇంకా అందలేదంటున్నారు అని ఆయన అవతల గోల. నెట్‌వర్కు అయి ఉంటుందని నేను ఎప్పటిలాగే తేల్చేశాను. వాళ్లింకా మాట్లాడుతుండగానే ఆ మెసేజ్ తెర మీదికి వచ్చింది. అదుగో వచ్చిందండీ అని ఓనరు గారు సంతోషంగా ఫోను పెట్టేశారు. నాకు మాత్రం ఎక్కడో పురుగు తొలిచింది. ఇంకో రెండు నిమిషాలకి వేరే రైతు ఫోను చేసి, ఇప్పుడే పంపానండీ, చేరిందా అన్నాడు. చేరలేదు. ఆయన మెసేజ్ వచ్చినట్టు డబ్బా మీద లైటు మినుకుమనడం నేను చూశాను. ఆ లైటు వెలిగినప్పుడు తెర మీదికి వచ్చింది అంతకుముందు రైతు మెసేజ్.

ఆ పొద్దున కూడా కరెంటు పోయి వచ్చింది.

ఆ రైతు ఆర్డరు ఫోనులోనే రాసుకుని, ప్రోగ్రాంని ఆపి మళ్లీ మొదలుపెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని మోడెం డబ్బా ప్లగ్గు పీకేశాను. నా ఫోను నుంచి రెండు మెసేజ్‌లు పంపాను, ఒకటి అని ఒకటీ, రెండు అని ఇంకోటీ. ప్లగ్గు పెట్టాను. ఆగి ఉన్నవి రెండూ కలిసి డబ్బాలోకి దిగాయి. తెర మీద ఒకటి కనబడింది. రెండు రాలేదు. పావుగంట చూశాను, రాలేదు. అప్పుడు మూడు అని పంపాను. రెండు వచ్చింది. మూడు రాలేదు.

అప్పుడు తెలిసింది నేను చేసిన నిర్వాకం. పోస్టుమాన్ ఒక్కసారి గంట కొట్టి, నాలుగు ఉత్తరాలు గుమ్మంలో పడేసి వెళ్లాడనుకోండి. నేను తలుపు తీసి, ఒక ఉత్తరం మాత్రం తీసుకుని, తలుపేసుకుని, మళ్లీ గంట మోగితేగానీ లేవను అని కూర్చున్నాను. మిగతా మూడూ గుమ్మంలోనే ఉన్నాయి. ఇంకో ఉత్తరం వచ్చి గంట మోగినప్పుడు పాతది ఒకటి తీసుకుంటాను, కొత్తది గుమ్మంలో ఉండిపోతుంది. సందడి రోజుల్లో నిమిషానికో గంట మోగుతుంది కాబట్టి ఆలస్యం ఎవరికీ కనబడదు. సందడి లేని రోజున చివరి ఉత్తరం గుమ్మంలోనే ఉండిపోతుంది. సాయంత్రం నేను మెషిన్ ఆపేస్తే దాన్ని ఊడ్చేసినట్టే. కొత్త దారి వాడేవాళ్లకి పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి ఉంటుంది, పిలుపు వస్తే ఖాళీ అయ్యేదాకా చదువు అని. నేను ఆ పేజీ చదివాను. చదివినదాన్ని చేయలేదు.

వెంటనే సరిచేయబోయాను. ఖాళీ అయ్యేదాకా చదవమని ప్రోగ్రాంకి చెప్పాను. మెసేజ్‌లన్నీ టకటకా వచ్చాయి, ఆ తర్వాత మొత్తం బిగుసుకుపోయింది. ఐసు ఫ్యాక్టరీ తెర కదలడం లేదని వాళ్లు ఫోను చేస్తే వాళ్ల మీద అరిచాను. తప్పు మళ్లీ నాదే. ఖాళీ అయిన డబ్బాని చదవమంటే, ఇంకోటి వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడిపోతుంది, మిగతా చోట్ల పెట్టిన చెవులన్నీ మూసేసుకుని. ఏమీ లేకపోతే లేదని చెప్పి వెనక్కి వచ్చెయ్యి అని కూడా ముందే చెప్పి ఉంచాలి. అది కూడా పుస్తకంలో ఉంది. ఆ ముక్క చేర్చాక కుదిరింది. ప్లగ్గు పీకి పెట్టి, పీకి పెట్టి, రెండేసి, ఐదేసి, పదేసి మెసేజ్‌లు పంపి చూశాను. అన్నీ వచ్చాయి. వరసలో వచ్చాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏం జరుగుతుందో అన్ని రకాలుగానూ చూశాను. గెలిచానన్న సంతోషంతో టీ తెప్పించుకున్నాను కూడా.

టీ తాగుతుంటే గుర్తొచ్చింది, ఆ గురువారం కరెంటు పోయి నాలుగింటికి వచ్చిందని.

చెత్త ఫైలు తెరిచాను. నేను తెరిచి నెలలైన ఫైలు. అందులో ఆ గురువారం తేదీ వెతికితే ఒకే ఒక్క మెసేజ్ ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వందనాలండి, మీరందరూ క్షేమమని తలుస్తాను. ఆయన నంబరు. నాలుగు దాటి నాలుగు నిమిషాలు.

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ మనిషి వందనం చెప్పి ఊరుకునే రకం కాదు. వందనం వచ్చిందంటే వెనకాలే ఐసు వచ్చింది. వచ్చి, నా టేబుల్ కింద గంటన్నర సేపు కూర్చుంది. నేను పాసింజరు కోసం మెషిన్ ఆపేసి దాన్ని చంపేశాను. ఆ తర్వాత ఆయన ఎదురుగా నిలబడి, మనుషులే అబద్ధం చెబుతారు అన్నాను.

ఓనరు గారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. సరిచేసేశావు కదమ్మా, ఇక తవ్వుకోవడం ఎందుకు అన్నారు. ఈ మాట బయటికి పోతే రైతులు ఒక్కడు కూడా మిగలడని ఆయన భయం. ఆ భయం నాకు అర్థమైంది కూడా. నేను మాత్రం ఊరుకోలేనని అన్నాను. ఆయన కాసేపు నీళ్లు నమిలి, వెళ్తానంటే నిన్ను ఆపను, నీతో వస్తానని మాత్రం అనలేను అన్నారు. ఆ మాత్రం చాలనుకున్నాను.

శనివారం తాడేపల్లిగూడెంలో గణపవరం బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో, రెండు వైపులా చెరువుల మధ్య గట్టు మీద నుంచి వాళ్ల ఊరు. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. ఆయన ఇంట్లో లేరు. ఆయన భార్య వాకిట్లో బియ్యం ఏరుతోంది. నేనెవరో చెప్పగానే ఆవిడ మొహం మాడిపోయింది. అయినా లోపలికి రండి అంది, కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. ఆవిడ తిట్టినా నాకు తేలిగ్గా ఉండేది.

కాసేపటికి ఆయన వచ్చారు. తెల్ల చొక్కా లేదు. లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని ఉన్నారు, ఒళ్లంతా బురద చారలు. వలలు లాగే వాళ్లతో కలిసి కూలికి వెళ్తున్నారట. పదహారేళ్లు గట్టు మీద నిలబడి లెక్క రాసిన మనిషి, ఇప్పుడు రొమ్ముల్లోతు నీళ్లలో దిగుతున్నారు. చేతులు నాని తెల్లబడి, ముడతలు పడి ఉన్నాయి. నన్ను చూసి కంగారుగా లుంగీ దించుకుని, ఏవమ్మా, ఇంత దూరం వచ్చారు, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ అన్నారు.

వల్లె వేసుకున్నదంతా మర్చిపోయాను. ఆయన రెండో మెసేజ్ వచ్చిందని, నా ప్రోగ్రాం దాన్ని చదవలేదని, తప్పు మొత్తం నాదేనని గబగబా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆయన అరుగు మీద మెల్లగా కూర్చున్నారు.

ముందు మాట్లాడింది ఆవిడే. నాతో కాదు, ఆయనతోనూ కాదు, చాటలో బియ్యంతో మాట్లాడినట్టు మాట్లాడింది. "పంపుతుంటే పక్కనే ఉన్నానండీ నేను. రెండుసార్లు నొక్కారు. చూశానని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. నా మాట నమ్మలేదు. కంప్యూటరు మాట నమ్మారు."

ఆయన ఆవిడ వైపు చూడలేకపోయారు. అప్పుడు జరిగిందంతా నాతో చెప్పారు. మొదటి వారం పంపాననే అనుకున్నారు. తర్వాత నా మాటే చెవుల్లో తిరిగిందట. చదువుకున్న పిల్ల, అందరి ముందూ అంత గట్టిగా చెప్పింది. ఆ పిల్లకీ నాకూ పగేముంది? వయసు మీద పడుతోంది కదా, వందనం పంపి రెండోది మర్చిపోయి ఉంటాను, పంపినట్టు భ్రమపడి ఉంటాను అనుకున్నారు. అనుకుని అనుకుని అదే నిజమని నమ్మేశారు. ఆసామి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నారు. అది చాలదనిపించి ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడ్డారు. నేను చేయని పని చేశానని అబద్ధమాడాను, నా కోసం ప్రార్థన చేయండి అని సంఘం ముందు ఒప్పుకున్నారు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆయన దగ్గర వాక్యాలు నేర్చుకున్న వాళ్లు కూడా ఆ సంఘంలో ఉన్నారు.

"అయితే అమ్మా, నేను ఆడిన అబద్ధం ఆ సాక్ష్యం ఒక్కటేనన్నమాట. దేవుడి ముందు నిలబడి ఆడాను," అన్నారు.

నేను చేసిన పాడు పనికి హద్దు ఎక్కడుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఉద్యోగం పోయిందని మాత్రమే అనుకున్నాను. ఆసామి గారితో నేను మాట్లాడతాను, మీ పని మీకు ఇప్పిస్తాను అన్నాను. ఆయన తల ఊపారు గానీ, ఆయన ధ్యాస దాని మీద లేదు. చాలా మొహమాటపడుతూ ఒక్క కోరిక అడిగారు. వీలుంటే రేపు ఆదివారం ఒకసారి చర్చికి వచ్చి, ఇప్పుడు నాతో చెప్పింది అక్కడ చెబుతారా అమ్మా అని.

వస్తానన్నాను. తిరిగి వెళ్తూ గణపవరంలో ఆసామి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనన్నా ఆయన మాట విని ఉండాల్సింది, పదహారేళ్లు చూశాను కదా అని మాత్రం అన్నారు. సోమవారం నుంచి రమ్మని అప్పుడే కబురు పంపారు. మిగతా నష్టం సంగతి మా ఓనరు గారితో మాట్లాడుకుంటానన్నారు, మాట్లాడుకున్నారు కూడా. రైతులెవరూ వెళ్లిపోలేదు. మెసేజ్ అందగానే అందిందని జవాబు పంపే ఏర్పాటు పెట్టాను. మొదటి రోజు నుంచీ ఉండాల్సిన ఏర్పాటు అది.

ఆదివారం వెళ్లాను. నేను అంతకుముందు ఏ చర్చిలోనూ అడుగు పెట్టలేదు. రేకుల కప్పు, గోడలకి నీలం సున్నం, కింద చాపలు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. గుమస్తా గారి భార్య నన్ను చూసి జరిగి, తన పక్కన చోటిచ్చింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. సాక్ష్యాలు ఉన్నవాళ్లు లేవండి అని పాస్టరు గారు అన్నప్పుడు ఆవిడ నా మోచేతిని పొడిచింది.

లేచాను. ప్రోగ్రాం గురించి, పిలుపు గురించి, పోస్టుమాన్ గురించి వాళ్లకి అర్థమయ్యేలా చెబుదామని రాత్రే కాగితం రాసుకున్నాను. కాగితం తీయలేదు. ఆ రోజు ఈయన మెసేజ్ పంపారండీ అన్నాను. అది వచ్చింది. చదవాల్సిన పని నాది, నేను చదవలేదు. చదవకుండానే ఈయన అబద్ధం ఆడారని పదిమందిలో అన్నాను. ఈయన నా మాట నమ్మి మీ ముందు తప్పు ఒప్పుకున్నారు. ఆ తప్పు ఈయనది కాదు, నాది. ఇంతే చెప్పాను. కూర్చున్నాను. ఎవరో ముసలావిడ వెనక నుంచి నా భుజం తట్టింది.

అయిపోయిందనుకున్నాను. పాస్టరు గారు ప్రార్థనకి కళ్లు మూసుకోబోతున్నారు. అప్పుడు మగవాళ్ల వైపు గుమస్తా గారు లేచారు. మళ్లీ తెల్ల చొక్కా, రెండు పెన్నులు. పాస్టరు గారి వైపు కాకుండా ఆడవాళ్ల వైపు తిరిగి నిలబడ్డారు. అలా ఎవరూ నిలబడరు కాబోలు, పిల్లలు కూడా గొడవ ఆపేసి చూశారు.

"ఈవిడ నా పక్కనే ఉండి చూసింది," అన్నారు భార్యని చూపించి. "ముప్పై ఏళ్లుగా నాతో అబద్ధం చెప్పని మనిషి. చూశానని చెప్పింది. నేను నమ్మలేదండీ. అది ఆ అమ్మాయి తప్పు కాదు, మెషిన్ తప్పు కాదు. అది నాది. నన్ను క్షమించమని ఈవిణ్ణి మీ అందరి ముందూ అడుగుతున్నాను."

ఆవిడ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఏం చేయాలో తెలియక నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు నొప్పెట్టాయి. తల ఎత్తకుండానే, అందరికీ వినబడేలా అంది, "సరే, కూర్చోండి. అందరూ చూస్తున్నారు."

ఆయన కూర్చున్నారు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ప్రార్థన అయ్యేదాకా ఏడుస్తూనే ఉంది.